చెట్టుబంకలో ఇంటిపేరు

మనుషులకు ఇంటిపేర్లు వున్నాయి. పెళ్ళి సంబంధం మాట్లాడేవేళ ఇంటిపేరేమిటి, గోత్రమేమిటి, మేనమామలది ఏ వూరు అని పెద్దలు ఆరా తీస్తారు. చెట్లకు ఈ గొడవ లేదు. గాలి ఎటు వీస్తే పుప్పొడి అటు పోతుంది. తేనెటీగ ఎక్కడ వాలితే అక్కడ సంబంధం కుదిరిపోతుంది. పుట్టిన పిల్లమొక్కకు తండ్రి ఎవరని అడిగే నాథుడు లేడు. అయితే, అడగక తప్పని సందర్భాలు కొన్ని వస్తాయి. అప్పుడు జవాబు చెప్పడానికి చెట్టు దగ్గర ఒక సాక్ష్యం వున్నది. ఆకును చూసి మోసపోవచ్చు, కాయను చూసి మోసపోవచ్చు గాని, బెరడు కిందనుంచి కారే రసం అంత తేలికగా అబద్ధమాడదు.

బంక అనగానే మా పల్నాడు వాళ్ళకు తుమ్మబంక గుర్తుకు వస్తుంది. చిన్నతనంలో పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికీ, గాలిపటాలు అతికించుకోవడానికీ పొలంగట్ల మీది నల్లతుమ్మలే మాకు జిగురుసీసాలు. వేపబంక కూడా పనికి వచ్చేది గాని, దానికి కాస్త పరువు తక్కువ. ఇక దేవుడి గదిలోకి వెళితే సాంబ్రాణి. అదీ చెట్టునుంచి కారినదే. అయినా తుమ్మబంకను నిప్పులమీద వేసి చూడండి: మాడు కంపు తప్ప పరిమళం రాదు. సాంబ్రాణిని నీళ్ళలో వేసి చూడండి: తుమ్మబంకలాగా కరిగి జిగురు కాదు. రెండింటినీ మనం చెట్టు కన్నీరు అంటాము గాని, రెండూ రెండు వేరు సరుకులు. బంక అంటే గొలుసులు గొలుసులుగా అల్లుకున్న చక్కెరలు. నీళ్ళు కనిపిస్తే వుబ్బుతుంది, లేదా కరుగుతుంది. గుగ్గిలం జాతి సరుకులో వున్నవి టెర్పీన్లనే నూనె పదార్థాలు. అవి నీళ్ళకు లొంగవు, నిప్పుకూ సారాయానికీ లొంగుతాయి. నల్లమలలో పెరిగే అందుగు చెట్టు తెలివైనది. దాని స్రావంలో బంకా వున్నది, గుగ్గిలమూ వున్నది, సుగంధ తైలమూ వున్నది. మన కొట్లలో పరంగి సాంబ్రాణి అని అమ్మేది దానినే.

ఈ రెండు రకాల స్రావాలూ చెట్టు తన గాయాన్ని కప్పుకోవడానికి చేసుకునే లేపనాలే. ఏ జాతి చెట్టు లేపనం ఆ జాతిదే. కషాయం చేసే పద్ధతి ఇంటింటికీ వేరైనట్టు, ఏ పదార్థం ఎన్ని పాళ్ళు పడాలో ఆ చెట్టుకు వంశపారంపర్యంగా వచ్చే విద్య. నేల సారం తగ్గితే ఆకు చిన్నదవుతుంది, ఎండ ఎక్కువైతే కొమ్మ గిడసబారుతుంది. లేపనంలోని పాళ్ళు మాత్రం అంత త్వరగా మారవు. శాస్త్రజ్ఞులకు పట్టు దొరికింది ఇక్కడే.

పేలిన బట్టీలు

దీనికి సంబంధించిన పాత కథ ఒకటి అమెరికాలో జరిగింది. 1860లలో అక్కడ వుత్తరాది వాళ్ళకూ దక్షిణాది వాళ్ళకూ అంతర్యుద్ధం వచ్చింది. రంగులకూ వార్నిషులకూ కావలసిన టర్పెంటైన్ అంతా దక్షిణాది పైన్ అడవులనుంచి వచ్చేది; యుద్ధంతో అది ఆగిపోయింది. కాలిఫోర్నియా వాళ్ళు తమ సియెరా నెవాడా కొండల మీది పైన్ చెట్లకు గాట్లు పెట్టి, కారిన జిగురును బట్టీ పెట్టడం మొదలుపెట్టారు. కొన్ని బట్టీలు బాగానే నడిచాయి. కొన్ని వున్నట్టుండి పేలిపోయాయి. ఒకే కొండ, ఒకే రకం చెట్టు, ఒకే రకం బట్టీ. మరి ఇదేమి చోద్యం?

ఒకే రకం చెట్టు కాదన్నమాట! ఆ కొండలమీద పాండరోసా పైన్, జెఫ్రీ పైన్ అని రెండు జాతులు పక్కపక్కనే పెరుగుతాయి. చూపుకు అక్కాచెల్లెళ్ళు. కాయను గట్టిగా పట్టుకుంటే గుచ్చుకునేది పాండరోసా, గుచ్చుకోనిది జెఫ్రీ. తేడా ఇంతేననుకున్నారు. పాండరోసా జిగురులో మామూలు టర్పెంటైన్ వున్నది. జెఫ్రీ జిగురును కాచితే వచ్చేది హెప్టేను. అంటే ఇంచుమించు పెట్రోలు! పెట్రోలును నిప్పులమీద పెట్టి మరిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? 1872లో వెంజెల్ అనే ఆయన ఈ వింత ద్రవాన్ని వేరుచేసి ఏదో పేరు పెట్టాడు. 1879లో థార్ప్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు అది హెప్టేనేనని తేల్చాడు. తరవాత మోటారు ఇంధనాలకు ఆక్టేన్ సంఖ్య అనే కొలత పెట్టినప్పుడు, ఇంజనులో బాగా టకటకలాడే హెప్టేనుకు సున్న మార్కులు వేశారు. ఆ కొలతకు కావలసిన శుద్ధమైన హెప్టేను ఎక్కడ దొరికిందనుకున్నారు? మొదట్లో ఈ జెఫ్రీ పైన్ చెట్టు దగ్గరే. మన బంకులో పెట్రోలుకు ఇంత ఆక్టేన్ అని చెప్పుకుంటున్నామంటే, ఆ లెక్కలోని సున్న ఒక చెట్టుబంకనుంచి వచ్చినదే. బంకుకూ బంకకూ ఈపాటి చుట్టరికం వున్నదని నాకూ చాలాకాలం తెలియదు.

ఇలా రెండు అక్కాచెల్లెళ్ళ చెట్లను జిగురు విడదీసింది. మరి ఆ జాతులు కలిసి పిల్ల పుడితే?

ఈ ప్రశ్న వెంటపడినవాడు మీరోవ్. రష్యాలో పుట్టి అమెరికా చేరిన ఈ పెద్దమనిషి కాలిఫోర్నియాలో ప్లాసర్‌విల్ అనే వూళ్ళోని అటవీ జన్యుశాస్త్ర సంస్థలో పనిచేశాడు. ప్రపంచంలో పైన్ చెట్లు వంద జాతులకు పైగా వుంటే, అందులో 90కి పైగా జాతుల టర్పెంటైన్ పరీక్షించి 1961లో పట్టిక అచ్చువేయించాడు. ఆ సంస్థలో ఇంకొక సదుపాయం వున్నది. ఆడపువ్వుకు సంచి కట్టి, కోరిన చెట్టు పుప్పొడి తెచ్చి చల్లి, తల్లీ తండ్రీ ఎవరో అనుమానం లేకుండా సంకరం మొక్కలను అక్కడ పెంచేవారు. లాడ్జ్‌పోల్ పైన్ జిగురులో ముఖ్యమైనది ఫెల్లాండ్రీను. జాక్ పైన్ జిగురులో ముఖ్యమైనవి పైనీన్లు. ఈ రెంటికీ పుట్టిన పిల్లల జిగురు తీసి చూస్తే, 1956లో మీరోవ్ చెప్పినట్టు, అందులో రెండు వైపుల ఆస్తీ వున్నది. అంతకు ముందే 1951లో బ్రూస్ జోబెల్ అనే ఆయన జెఫ్రీ పైనుకూ కౌల్టర్ పైనుకూ అడవిలో తమంత తాముగా పుట్టిన సంకరాలను జిగురు ఆధారంతో పట్టుకున్నాడు.

ఈ టెర్పీన్ల విద్యలో మన దేశానికీ వాటా వున్నది. జాన్ సైమన్‌సెన్ మొదట మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పాడు. తరవాత డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు వెళ్ళి, 1920లో హిమాలయపు చీర్ పైన్ టర్పెంటైన్ నుంచి కేరీన్ అనే కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. మీరోవ్ పట్టికలో పాండరోసా పేరు పక్కన కనిపించే ముఖ్యమైన పదార్థాల్లో ఈ కేరీన్ ఒకటి. మన వాల్తేరులో శేషాద్రిగారు 1930లనుంచి శిష్యులను వెంటబెట్టుకుని పత్తిపువ్వు రేకులలోని పసుపు రంగులను ఒక్కొక్క పత్తిరకానికీ విడివిడిగా పరీక్షించారు. అదీ ఈ బడిలోని పాఠమే. పత్తి పువ్వు సంగతి పల్నాడు వాళ్ళకు మరొకరు చెప్పాలా?

బెరడు మీది బొబ్బ

ఇప్పుడు ఫర్ చెట్టు దగ్గరికి వస్తాను. ఫర్ మన ఎండలకు బ్రతికే చెట్టు కాదు. అయినా దగ్గు వచ్చినప్పుడు తేనెలో రంగరించి నాకించే తాళీసాది చూర్ణం మీ ఇంట్లో వుంటే, ఫర్ చెట్టు మీ ఇంట్లోకి వచ్చినట్టే. ఆయుర్వేదంలో తాళీసపత్రమని వాడే ఆకు హిమాలయపు ఫర్ చెట్టు ఆకు. నేను నరసరావుపేటలో వృక్షశాస్త్రం చదువుకున్న రోజుల్లో దానికి రెండవ చుట్టరికం కూడా తగిలింది. సన్నగా కోసిన కాడముక్కను గాజుపలక మీద శాశ్వతంగా అతికించడానికి మాకు చిన్న సీసాలో కెనడా బాల్సం ఇచ్చేవారు. తేనెలాగా వుండేది, చల్లని పరిమళం, అంటుకుంటే వేళ్ళు వదిలేది కాదు. అది అమెరికా వుత్తర భాగాన పెరిగే బాల్సం ఫర్ జిగురు.

పైన్ చెట్టుకు కొయ్యలోనే జిగురు కాలవలు వుంటాయి. ఫర్ కొయ్యలో మామూలుగా వుండవు. లేత బెరడు మీద బొబ్బలు లేస్తాయి. జిగురు అందులో వుంటుంది. బొబ్బను సూదితో గుచ్చి నాలుగు చుక్కలు పీల్చుకుంటే చాలు. చెట్టుకు అపకారం లేదు, గొడ్డలితో పని లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూజీన్ జవారిన్, కారెల్ స్నైబర్క్ అనే ఇద్దరు ఇలా కొండకొండకూ తిరిగిన చెట్ల బొబ్బరసాలతో ఏళ్ళ తరబడి లెక్కలు కట్టారు.

వాళ్ళు పట్టుకున్న చిక్కుల్లో ఒకటి చెబుతాను. అమెరికా తూర్పున అపలేషియన్ కొండల బారున వుత్తరాన బాల్సం ఫర్ వున్నది. దక్షిణాన ఎత్తైన శిఖరాల మీద ఫ్రేజర్ ఫర్ వున్నది. బాల్సం కాయలో పొలుసుల మధ్య వుండే చిన్నరేకులు లోపలే దాగివుంటాయి. ఫ్రేజర్ కాయలో అవి బయటికి వచ్చి వెనక్కు వాలివుంటాయి. ఇంతవరకు బాగానే వున్నది. నడుమ పశ్చిమ వర్జీనియా కొండలమీది ఫర్ చెట్లకు ఆ రేకులు అరకొరగా బయటికి వచ్చివుంటాయి! కొందరు ఇవి సంకరం పిల్లలన్నారు. కొందరు కాదన్నారు. వెనక హిమయుగంలో ఈ కొండలన్నిటిమీదా ఒకటే ఫర్ అడవి పరుచుకుని వుండేదనీ, చలి తగ్గాక అది శిఖరాలమీద తునకలై మిగిలిందనీ, ఒక కొసన బాల్సం, ఒక కొసన ఫ్రేజర్, నడుమ నడిమి రూపం మిగిలాయనీ వాళ్ళ వాదం. వీళ్ళ లెక్కన అవి పిల్లలు కావు, పాతకాలపు పెద్దలు.

1972లో జవారిన్, స్నైబర్క్ ఈ రెండు ఫర్‌ల టెర్పీన్లు ప్రాంతం ప్రాంతానికీ ఎలా మారుతున్నాయో ప్రకటించారు. ఆ లెక్క ఎలా తీస్తారో చెప్పకపోతే పాఠకులకు తృప్తి వుండదు. 1952లో జేమ్స్, మార్టిన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు కనిపెట్టిన వాయు క్రొమటోగ్రఫీ దీనికి సాధనం. కోటప్పకొండ తిరునాళ్ళ తలుచుకోండి. కింద ప్రభల దగ్గర పదిమంది ఒక్కసారే మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఒకడికి దేవుడి దర్శనమే ముఖ్యం. చకచకా పైకి పోయాడు. ఒకామె గాజుల కొట్టు దగ్గర ఆగింది. ఒక పిల్లవాడు జీళ్ళ దగ్గరా ఆగాడు, బూరల దగ్గరా ఆగాడు, రంగులరాట్నం చూస్తూ నిలబడిపోయాడు. పైన ధ్వజస్తంభం దగ్గర గడియారం పట్టుకుని కూచుంటే, ఎవరు ఎప్పుడు వచ్చారన్న దానినిబట్టి ఎవరి మనసు ఎటువంటిదో చెప్పవచ్చు. అలాగే, సన్నని పొడుగాటి గొట్టంలో ఒక జిడ్డు పదార్థం పూసివుంచి, జిగురును ఆవిరిచేసి వాయువుతో తోస్తారు. జిడ్డుతో స్నేహం లేని టెర్పీను ముందు బయటికి వస్తుంది, స్నేహమున్నది ఆలస్యంగా వస్తుంది. ఎవరు వచ్చారు, ఎందరు వచ్చారు అనేది కాగితం మీద కొండలూ లోయలుగా గీత పడుతుంది. ఒక్క చుక్క చాలు.

సరే, నడిమి చెట్ల జిగురు నడిమి రకంగా వున్నదనుకోండి. కేసు తేలినట్టేనా? ఇక్కడే శాస్త్రజ్ఞుడి నిగ్రహం తెలుస్తుంది. రెండు జాతులు నిన్నమొన్న కలిసి పుట్టిన పిల్లలూ నడిమి రకంగానే వుంటారు. ఒక కొసనుంచి ఇంకొక కొసకు మెట్లు మెట్లుగా మారుతూ వచ్చిన పాత అడవిలోని మధ్యమెట్టూ నడిమి రకంగానే వుంటుంది. అందుకని ఒక్కొక్క చెట్టు జిగురూ విడివిడిగా తీయాలి. సంకరం అడవిలో అయితే ఒక చెట్టు తల్లివైపు, ఒక చెట్టు తండ్రివైపు, ఒకటి నడుమ, ఇలా చెట్టుకూ చెట్టుకూ పొంతన కుదరదు. పాత మెట్ల అడవిలో అయితే ఒక కొండమీది చెట్లన్నీ ఇంచుమించు ఒక్క తీరుగా వుంటాయి. వంద చెట్ల జిగురు ఒకే సీసాలో పోసుకున్నవాడికి ఈ తేడా జన్మలో తెలియదు. అసలు సంకరమే లేకుండా, సగం చెట్లు ఒక జాతివీ సగం ఇంకొక జాతివీ అయినా, ఆ సీసా నడిమి రకంగానే కనిపిస్తుంది!

జిగురు చెప్పలేనిది చెప్పడానికి ఇప్పుడు డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాయి. పైన్, ఫర్ కుటుంబంలో ఒక తమాషా వున్నది. ఆకుపచ్చని హరితరేణువుల వారసత్వం తండ్రినుంచి వస్తుంది, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా వారసత్వం తల్లినుంచి వస్తుంది. రెండూ చూస్తే ఆడపెళ్ళివారు ఎవరో మగపెళ్ళివారు ఎవరో తెలిసిపోతుంది. అయినా జిగురు చుక్క విలువ పోలేదు. ఫ్రేజర్ అడవులను పట్టి చంపుతున్న నూగుపురుగు ఒకటి వున్నది. 1957లో మిచెల్ శిఖరం మీద దాన్ని గుర్తించారు. ఇటువంటి పురుగులకు ఎదురు నిలిచే చెట్టు కావాలన్నప్పుడు, ఏ చెట్టు బెరడులో ఏ లేపనం వున్నదన్నది వట్టి వంశచరిత్ర కాదు, ప్రాణం మీది ప్రశ్న.

మన దగ్గర ‘సంకరం’ అనే మాటను మాత్రం మనం కాస్త ధారాళంగానే వాడాము. నంది కొండలనుంచి వచ్చిన ‘మైసూరు గమ్’ అనే యూకలిప్టసును ఏళ్ళ తరబడి ‘యూకలిప్టస్ హైబ్రిడ్’ అనే పేరుతో తోటలకు తోటలు వేశారు. అది చాలామటుకు తెరెటికార్నిస్ అనే ఒకే జాతి అని తరవాత వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. పేరు మాత్రం హైబ్రిడ్డుగానే చలామణీ అయింది.

గోనెసంచిలో సంకరం

ఇక మా కొండల మాట. 2022లో కొత్త జిల్లా అయిన పల్నాడుకు పడమరగా నల్లమల వచ్చి కృష్ణ ఒడ్డున ఆగుతుంది. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచుగూడేలు వున్నాయి. రాతిగుట్టల మీద, మరే చెట్టూ బ్రతకనిచోట, రెండు చెట్లు బ్రతుకుతాయి. ఒకటి తపసి. తెల్లని నున్నని కాగితంవంటి బెరడు. ఎండాకాలంలో ఆకు రాలి వెన్నెల రాత్రి చూస్తే దయ్యం నిలబడినట్టు వుంటుంది. కాయల మీది నూగు తగిలితే మంట. శాస్త్రీయ నామంలోని ‘యూరెన్స్’ అనే మాటకు మంటపెట్టేది అనే అర్థం. దీనినే కోవెల అని కూడా అంటారు. రెండవది కొండగోగు. అదీ ఎండాకాలానికి ఆకు రాల్చుకుంటుంది గాని, బోసికొమ్మల చివర అరచేతి వెడల్పున బంగారు పసుపు పూలు పూస్తుంది. రెండు చెట్లకూ గాటు పెడితే బంక కారుతుంది. తపసిబంకకు బయటి ప్రపంచంలో పేరు కరాయ.

కరాయ బంక నీళ్ళలో తుమ్మబంకలాగా కరగదు. తనకు ఎన్నో రెట్లు వుబ్బుతుంది. కట్టుడుపళ్ళు చిగుళ్ళకు అంటి వుండడానికి వాడే పొడిలో, విరేచనం సాఫీగా కావడానికి ఇచ్చే మందులో, తినుబండారాలలో ఇది వుంటుంది. దీని అణువుల్లో నూటికి 8 పాళ్ళు ఎసిటైల్ భాగం వుండడం వల్ల, నిలవ వున్నకొద్దీ వెనిగర్ వాసన వేస్తుంది. సీసా మూత తీసి వాసన చూస్తే ఇది ఏ బంకో సగం తెలిసిపోతుంది. ఇంతకూ ఈ కరాయ పడమటి దేశాలకు మొదట వెళ్ళింది దొంగదారిన. పర్షియానుంచి వచ్చే ఖరీదైన ట్రాగకాంత్ బంకలో కల్తీకి దీన్ని కలిపేవారు. ఆ కల్తీ పట్టుకోవడానికి మందుల పుస్తకాల్లో పరీక్షకూడా రాసిపెట్టారు: గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగిస్తే కరాయ గులాబీ రంగుకు తిరుగుతుంది. కాలం మారి కరాయకే గిరాకీ వచ్చింది. ఇప్పుడు కరాయలో కొండగోగు కలుస్తున్నది!

ఒకసారి మాచర్లలో ఒక చెంచు పెద్దాయన దగ్గర కూచుని ఈ సంగతి అడిగాను. ఆయన రెండు ముద్దలు నా ముందు పెట్టాడు.

“ఇది తపసి సామీ, ఇది గోగు. చూడు,” అన్నాడు.

నాకు రెండూ ఒకటిగానే కనిపించాయి. ఆ మాటే అన్నాను.

“నీకు కనపడకపోతే తప్పేముంది సామీ? కొట్టుకాడ చూసేటోడికే కనపడదు. చెట్టుకాడ మాకు కనపడతది. గోనెలో పడ్డాక మాక్కూడా కనపడదు.”

“మరి కలపడమెందుకు పెద్దాయనా?”

“మేం కలిపితే మాకేమొచ్చుద్ది? మా సరుకు చేతులు మారినాక కలుపుతారు. రేటు పడిపోతే మాత్రం మా నెత్తినే పడుద్ది.”

వర్జీనియా కొండలమీది శాస్త్రజ్ఞుడి పేచీ, ఈయన పేచీ ఒకటే. చెట్టు దగ్గర విడిగా వున్న నిజం, కలిపిన తరవాత పోతుంది. ఒక తేడా మాత్రం వున్నది. ఫర్‌కూ ఫర్‌కూ సంబంధం కుదురుతుంది, ఒకే కుటుంబం కనుక. తపసి వేరు కుటుంబం, కొండగోగు వేరు కుటుంబం. వీటికి చెట్టుమీద పిల్ల పుట్టదు. వీటి సంకరం గోనెసంచిలోనే.

శాస్త్రజ్ఞులకే ఈ పేర్ల గందరగోళం తప్పలేదు. హర్స్ట్, డన్‌స్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞులు 1953లో ‘కరాయ బంక’ నిర్మాణం ఇది అని పత్రం ప్రకటించారు. వాళ్ళ చేతిలో వున్నది తపసి కాదు, కొండగోగు! ఐరోపా ఆహార చట్టంలో ఇ 416 అనే అంకె కింద కరాయకు నిర్వచనం రాస్తూ, తపసి జాతులదైనా సరే, కొండగోగు జాతులదైనా సరే అన్నారు. రెండు ఇళ్ళకు ఒకటే ఇంటిపేరు తగిలించారన్నమాట.

ఈ ముడి విప్పే పని హైదరాబాదులో జరిగింది. వుస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖలో జానకి, శశిధర్ 1998లో కొండగోగు బంక భౌతిక, రసాయన గుణాలను విడిగా పరిశీలించి, ఇది ఆహారంలో వాడుకోదగినదేమోనని పరీక్షకు పెట్టారు. 2000లో ఎలుకలకు 90 రోజులు తినిపించి చూసిన ఫలితాలు ప్రకటించారు. తరవాత వినోద్, శశిధర్ 2008లో దాని నిర్మాణాన్ని ఇంకా లోతుగా చూశారు. పద్ధతి చెప్పడానికి తేలికే. బంకను ఆమ్లంలో కాచితే గొలుసు తెగి విడి చక్కెరలు వస్తాయి. బ్లాటింగ్ కాగితం మీద సిరాచుక్క వేసి తడిపితే రంగులు విడిపోవడం మీ పిల్లలకు తెలుసు. ఇందాకటి మార్టిన్, తన సహచరులతో కలిసి 1944లో ఆ ఆటనే శాస్త్రంగా చేశాడు. ఇప్పటి యంత్రాలు అంతకంటె నిశితమైనవి. రామ్నోజు ఎంత, గెలాక్టోజు ఎంత, గెలాక్టురోనిక్ ఆమ్లం ఎంత అని పాళ్ళు తేలితే ఏ బంకకు ఆ బంక జాతకం చేతికి వస్తుంది. కొండగోగు వట్టి కల్తీ సరుకు కాదనీ, తనకంటూ గుణాలున్న బంక అనీ అప్పుడు బయటపడింది. నీళ్ళలోని విషలోహాలను పట్టుకునే శక్తి కూడా దానికి వున్నదని అదే బృందం తరవాతి పరిశోధనలు చూపించాయి. దాని పేరుతో దాన్ని అమ్మితే దానికీ ఒక ధర వుండవచ్చునని నా అభిప్రాయం. ఇంకొకరి పేరుమీద బ్రతికితే మాత్రం రెండు సరుకులకూ మర్యాద పోతుంది.

బంక ధర రంగునుబట్టీ శుభ్రతనుబట్టీ వుంటుంది. తెల్లగా, బెరడుపెళ్ళలు లేకుండా వున్నది మొదటి రకం. ఎర్రబారి మట్టి అంటినది చివరి రకం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చెంచుల దగ్గర బంక కొంటున్నది. వాన పడకముందు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కారిన బంకే మేలైనది. కారాలన్న ఆత్రంలో గొడ్డలితో కొయ్యదాకా నరికితే చెట్టు గాయం మానక ఎండిపోతుంది. ఇలా కొన్ని కొండలమీద తపసి చెట్లు పలుచబడ్డాయి. చిన్న గాటు పెట్టి, బెరడు మాత్రమే లేపి, మానడానికి గడువు ఇచ్చి, శుభ్రమైన పట్టామీద ఎండబెట్టుకునే పద్ధతిని విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ వంటివారు గిరిజనులకు నేర్పించారు. ఆ సంస్థ పేరులోని కోవెల గుడి కాదు, ఈ చెట్టే.

ఇందులో నాకు నచ్చిన మాట ఒకటి వున్నది. శుభ్రంగా ఏరాలంటే చెట్టు చెట్టుకూ విడిగా ఏరాలి. విడిగా ఏరితే కల్తీకి చోటు తగ్గుతుంది. వర్జీనియాలో జిగురు చుక్కకు సీసామీద చెట్టు నంబరు రాసి చీటీ అంటించినట్టే, గూడెంలో రెండు బంకలకు రెండు సంచులు పెట్టుకుంటే సగం రసాయన శాస్త్రం అక్కడే అయిపోయినట్టు. మిగతా సగానికి ప్రయోగశాలలు వున్నాయి. గూడెంలో విడిగా కట్టిన సంచిని దారిలో ఎవరూ విప్పకుండా చూసేదెవరన్నది మాత్రం ఏ ప్రయోగశాలా చెప్పదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీరు మాచర్లనుంచి ఎత్తిపోతల చూడడానికి బయలుదేరితే, జలపాతం దాకా కళ్ళు మూసుకుని పోకండి. రోడ్డు వారన గుట్టలమీద ఆకు లేని కొమ్మల చివర పసుపు పూలు కనిపిస్తే అది కొండగోగు. బండలమధ్య తెల్లగా, వొంటరిగా, ఆకులు లేకుండా నిలబడివున్నది కనిపిస్తే తపసి అయివుంటుంది. కాయల జోలికి మాత్రం పోకండి, చేతులు మండుతాయి.